సంఘీభావానికి నియమావళి ఎందుకు
(నల్లగొండలో దళిత హక్కుల కార్యకర్తల శిక్షణ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, నారాయణపేట జిల్లాల నుంచి పొద్దున్నే బస్సులెక్కి వచ్చిన అక్కలకు, అన్నలకు, చెల్లెళ్లకు, తమ్ముళ్లకు జై భీమ్.

ఈ రెండు రోజుల శిక్షణలో నాకు అప్పగించిన అంశం, కుల వివక్షకు వ్యతిరేకంగా వివిధ దేశాల సంస్థలు కలిసి ఏర్పరచుకునే సంఘీభావ వేదికను ఎవరు నడపాలి, ఏ నియమాలతో నడపాలి, ఎవరికి జవాబు చెప్పాలి అన్నది. రేపు మధ్యాహ్నం మీ ముందుకు చర్చకు వచ్చే ముసాయిదా నియమావళి కూడా దీని గురించే. కోర్టు వాయిదాలు, భూమి పంచాయితీలు, హాస్టల్ పిల్లల సమస్యలతో తలమునకలై ఉన్నవాళ్లకు కోరం, పదవీకాలం, ఆడిట్ వంటి మాటలు పొడిగా అనిపిస్తాయని నాకు తెలుసు. అయినా ఓపికగా వినమని కోరుతున్నాను. బయటి దాడులకు తట్టుకుని నిలిచిన సంస్థలు కూడా లోపలి లెక్కలూ నిర్ణయాలూ చక్కబెట్టుకోలేక చెదిరిపోవడం మనలో చాలామంది కళ్లారా చూశారు.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఇటువంటి వేదికలో నిర్ణయాధికారం వివక్షను అనుభవిస్తున్న సమాజాల చేతిలో ఉండాలి, ఆ అధికారం ఎవరి మంచితనం మీదా ఆధారపడకుండా నియమావళిలో అక్షరాలా రాసి ఉండాలి.

ముందుగా, అసలు బయటి దేశాల మద్దతు మనకెందుకన్న ప్రశ్నకు జవాబు చెప్పుకుందాం. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఆసుపత్రి నుంచి బయటికి వస్తున్న ఒక దళిత యువకుడిని, గర్భవతి అయిన భార్య కళ్లముందే నరికి చంపారు. 2025 మార్చిలో ఇదే నల్లగొండలోని ప్రత్యేక న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. మధ్యలో ఆరున్నరేళ్లు గడిచాయి. దేశమంతా మాట్లాడుకున్న కేసుకే అంతకాలం పట్టిందంటే, ఏ పత్రికకూ ఎక్కని కేసుల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. మనకు 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది, 1995 నాటి నిబంధనలు ఉన్నాయి, బాధితుల, సాక్షుల హక్కులను చేర్చిన 2015 నాటి సవరణ ఉంది. డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి, కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి, ప్రతి నెలా 30వ తేదీన ఏదో ఒక ఊరిలో పౌరహక్కుల దినం జరపాలి. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. కాగితాన్ని కదిలించేది ఒత్తిడి. ఆ ఒత్తిడి మండల కేంద్రంలోనే పుట్టాలి, అందులో నాకు సందేహం లేదు. కానీ మన ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి మానవహక్కుల మండలి ముందు 2008లో, 2012లో, 2017లో, 2022లో నిలబడి తన పనితీరు గురించి చెప్పుకుంది. అక్కడ చెప్పిన మాటకూ మన మండలంలో జరుగుతున్నదానికీ ఉన్న దూరాన్ని ఆ సభలో ఎవరైనా చూపించాలి. ఆ పని ఒక జిల్లా సంఘం ఒంటరిగా చేయలేదు.

కులం మా దేశ అంతర్గత విషయం, బయటివాళ్లకు దానితో పనిలేదు అనే వాదన మీరు వినే ఉంటారు. ఈ వాదన చరిత్ర తెలుసుకుంటే దానికి జవాబు చెప్పడం తేలిక. 1946లో దక్షిణాఫ్రికాలోని భారతీయుల మీద సాగుతున్న జాతి వివక్షను ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ముందు పెట్టింది భారతదేశమే. అది మా అంతర్గత విషయమని దక్షిణాఫ్రికా ప్రభుత్వం వాదించింది. సభ ఆ వాదనను ఒప్పుకోకుండా ఆ ఏడాది డిసెంబరులో తీర్మానం చేసింది. అదే 1946లో అమెరికాలోని నల్లజాతి సంస్థ ఒకటి ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న వినతిపత్రం గురించి విని, దాని ప్రతులు కావాలని కోరుతూ డాక్టర్ అంబేడ్కర్ అక్కడి నల్లజాతి మేధావి, ఉద్యమ నాయకుడు డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. అంటరానివారి తరఫున అటువంటి వినతిపత్రం పెట్టే ఆలోచన అప్పటికే ఆయనకు ఉంది. డుబాయిస్ సానుభూతితో జవాబు రాశారు. కాబట్టి సరిహద్దు దాటి న్యాయం అడగడం మన ఉద్యమానికి ఎవరో విదేశీ సంస్థ నేర్పిన విద్య కాదు, బాబాసాహెబ్ నాటి నుంచీ వస్తున్న దారి.

ఆ దారిలో జరిగినవి కొన్ని త్వరగా చెప్పి ముందుకు వెళ్తాను. జాతి వివక్ష నిర్మూలన ఒప్పందం 1965లో వచ్చింది, భారతదేశం 1968లో దానిని ఆమోదించింది. ఆ ఒప్పందం అమలును చూసే కమిటీ, కుల వివక్ష దాని పరిధిలోకి వస్తుందని 1996లో భారతదేశానికి చెప్పింది, 2002లో అన్ని దేశాలకూ వర్తించే సాధారణ సిఫారసుగా ప్రకటించింది. మన ప్రభుత్వం నేటికీ దానిని ఒప్పుకోవడం లేదు. 2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జరిగిన జాతి వివక్ష వ్యతిరేక ప్రపంచ మహాసభకు మన దేశం నుంచి దళిత కార్యకర్తలు పెద్ద సంఖ్యలో వెళ్లారు. తుది ప్రకటనలో కులం ప్రస్తావన చేర్చనివ్వలేదు గానీ, ప్రపంచం దృష్టిలో ఆ విషయం అప్పటి నుంచి మళ్లీ మరుగున పడలేదు. ఆ సన్నాహాల కాలంలోనే, 1998లో దళిత మానవహక్కుల జాతీయ ప్రచారోద్యమం మన దేశంలోనూ, 2000లో అంతర్జాతీయ దళిత సంఘీభావ నెట్‌వర్క్ యూరప్‌లోనూ ఏర్పడ్డాయి. ఆ నెట్‌వర్క్ సచివాలయం డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో ఉంది. కుల వివక్ష ఉన్న దక్షిణాసియా దేశాల వేదికలూ, వాటికి మద్దతుగా యూరప్ దేశాల్లో పుట్టిన సంఘీభావ బృందాలూ అందులో కలిసి పనిచేస్తాయి. పని, వంశం ఆధారంగా వివక్షకు గురవుతున్నవారు ప్రపంచంలో 26 కోట్ల మంది ఉంటారని ఆ సంస్థ అంచనా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బాధితులూ, బాధితులకు మద్దతు ఇచ్చేవారూ ఒకే సంస్థలో కూర్చున్నప్పుడు పగ్గాలు ఎవరి చేతిలో ఉండాలి? ఈ ప్రశ్న మన ఉద్యమానికి కొత్తది కాదు. 1932 సెప్టెంబరులో, చట్టసభల్లో అంటరాని కులాల స్థానాల మీద గాంధీజీకీ అంబేడ్కర్‌కూ మధ్య పూనా ఒప్పందం జరిగిన కొద్ది రోజులకే అస్పృశ్యతా నిర్మూలన కోసం ఒక అఖిల భారత సంస్థ ఏర్పడింది. అదే తరువాత హరిజన సేవక్ సంఘ్ అయింది. ఘనశ్యామ్ దాస్ బిర్లా అధ్యక్షుడు, ఠక్కర్ బాపా కార్యదర్శి. మొదటి కేంద్ర మండలిలో అంబేడ్కర్ కూడా ఉన్నారు. ఆ ఏడాది నవంబరులో మూడో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్తూ, ఓడలో కూర్చుని ఆయన ఠక్కర్ బాపాకు సుదీర్ఘమైన లేఖ రాశారు. ఆ లేఖను ప్రతి కార్యకర్తా చదవాలని నా కోరిక. వ్యక్తులకు మంచి అలవాట్లు నేర్పే పని మీద శక్తి ఖర్చు చేయవద్దని, ఊరి బావి, బడి, ఉద్యోగం, వ్యాపారం వంటి చోట్ల పౌరహక్కులు సాధించే పోరాటం మీద దృష్టి పెట్టాలని, ఆ పనిని ప్రేమతో చేయగలిగేది ఎక్కువగా అంటరాని కులాల నుంచి వచ్చిన కార్యకర్తలేనని, నియామకాల్లో ఆ సంగతి గుర్తుంచుకోవాలని ఆయన వాదించారు. ఆ సూచనలు నెరవేరలేదు, ఆయన ఆ సంస్థకు దూరమయ్యారు. అంటరాని కులాల వారికి యాజమాన్యంలో చోటు ఎందుకు లేదని అడిగిన వారికి గాంధీజీ ఇచ్చిన సమాధానాన్ని అంబేడ్కర్ తరువాత నమోదు చేశారు. అస్పృశ్యత హిందువులు చేసిన పాపం, దానికి ప్రాయశ్చిత్తం చేసుకోవలసింది వారే, డబ్బు ఇచ్చిందీ వారే, కాబట్టి సంస్థను నడపవలసిందీ వారే అన్నది ఆ సమాధానం సారం.

ఈ వాదన దగ్గర కొంచెంసేపు ఆగాలి. ఆ మాట అన్నవారి చిత్తశుద్ధిని నేను శంకించడం లేదు. చిత్తశుద్ధి పుష్కలంగా ఉన్నచోట కూడా ఏర్పాటు ఎలా ఉంటుందో దానిని బట్టే ఫలితం ఉంటుందని చెప్పడానికే ఈ ఉదాహరణ. ప్రాయశ్చిత్తం చేసుకునేవాడికి తన మనసు తేలిక కావడం ముఖ్యం, అన్యాయానికి గురైనవాడికి బావిలో చేద వేయగలగడం ముఖ్యం. మొదటివాడి చేతిలో సంస్థ ఉంటే సబ్బులూ పుస్తకాలూ పంచే కార్యక్రమాలు వస్తాయి, రెండోవాడి చేతిలో ఉంటే బావి దగ్గరికి ఊరేగింపు బయలుదేరుతుంది. 90 ఏళ్ల తరువాత, సముద్రాల అవతల, ఎంతో ఆదరంతో మన వెంట నిలబడుతున్న మిత్రులున్న వేదికల్లో కూడా ఇదే ప్రశ్న మరో రూపంలో ఎదురవుతుంది. డబ్బు అక్కడిది, కార్యాలయం అక్కడిది, భాష అక్కడిది. అందువల్ల ఏ అంశం ముందు, ఏది వెనుక అన్న నిర్ణయం కూడా ఎవరూ దురుద్దేశంతో చేయకపోయినా అక్కడికే జారిపోతుంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా చరిత్రలో ఉంది. దక్షిణాఫ్రికా సరుకులను బహిష్కరించమని ఆల్బర్ట్ లుథూలీ వంటి ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ నాయకులు పిలుపునిస్తే, 1959లో లండన్‌లో బహిష్కరణ ఉద్యమం మొదలై, తరువాత వర్ణ వివక్ష వ్యతిరేక ఉద్యమంగా మారింది. బ్రిటన్‌లోని మిత్రులు ఆ పిలుపును అందుకుని తమ వీధుల్లో, తమ దుకాణాల్లో, తమ క్రీడా మైదానాల్లో పని చేశారు. దక్షిణాఫ్రికా ప్రజలు ఏ పద్ధతిలో పోరాడాలో తీర్పు చెప్పే అధికారం తమకు ఉందని వారు అనుకోలేదు. వారి పని వారి దేశ ప్రభుత్వాన్ని, వారి దేశ కంపెనీలను నిలదీయడం. సంఘీభావ బృందాల పని హద్దులను ఇంత స్పష్టంగా మన ముసాయిదాలో కూడా రాయాలని నేను కోరుతున్నాను. యూరప్ బృందం యూరప్ పార్లమెంటు సభ్యులను కలవడంలో, తమ దేశపు బట్టల కంపెనీలను, పర్యాటక సంస్థలను ప్రశ్నించడంలో స్వతంత్రంగా వ్యవహరించవచ్చు. మన దేశంలోని ఏ ఘటన మీదైనా ప్రకటన చేయాలంటే మాత్రం ఆ ఘటన జరిగిన ప్రాంతపు సభ్య సంస్థ లిఖితపూర్వక అనుమతి ఉండాలి.

ఈ అనుమతి ఎందుకని అడిగేవారికి పాత పాలమూరు జిల్లాలో జరిగిన ఒక సంగతి చెబుతాను. ఊరి పేరు చెప్పను, సంస్థ పేరు అసలే చెప్పను. హోటల్లో తమకు వేరే గ్లాసులు ఎందుకు పెడుతున్నారని వాడ పిల్లలు అడిగినందుకు ఊరంతా వాడను సాంఘిక బహిష్కరణ చేసింది. కిరాణం ఇవ్వలేదు, ఆటో ఎక్కించుకోలేదు, నాట్లకు పిలవలేదు, వాడకు వచ్చే నీళ్ల పైపు కట్టేశారు. ఒక తల్లి వేపచెట్టు కింద కూర్చుని దాదాపు రెండు గంటలు తన గోడు చెప్పింది. పట్నం నుంచి వచ్చిన కార్యకర్తలు రాసుకున్నారు, ఫోటో తీసుకున్నారు. ఆమె అడిగినవి రెండే. పైపు తిరిగి తెరిపించాలి, తన కొడుకు మీద పెట్టిన ఎదురు కేసు ఎత్తేయించాలి. ఆ కాగితం జిల్లా నుంచి హైదరాబాదుకు, అక్కడి నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి విదేశానికి వెళ్లింది. మెట్టు మెట్టుకూ కుదించుకుపోయి, చివరికి అచ్చయిన నివేదికలో మూడు వాక్యాలు మిగిలాయి. పైపు మాట లేదు, ఎదురు కేసు మాట లేదు, సమగ్ర విధానాలు తీసుకురావాలన్న సిఫారసు మాత్రం ఉంది. అట్ట మీద ఆమె ఫోటో ఉంది. ఆ ఫోటో ఎవరో ఫోనులో చూపిస్తేగాని ఆమెకు తెలియదు. ఆమెకంటే ముందే ఊరి పెద్దమనుషులు చూశారు. ఆ తరువాత ఆ ఇంటి మీద పెరిగిన ఒత్తిడి ఎలాంటిదో ఇక్కడున్న వారిలో కొందరికి తెలుసు.

ఇందులో ఎవరూ ఆమెకు కీడు తలపెట్టలేదు. ఆమె మాట మీద ఆమెకు హక్కు ఉందని చెప్పే నియమం ఎక్కడా లేకపోవడమే కారణం. కాబట్టి వాంగ్మూలం ఇచ్చినవారికి దానిని వారి భాషలో చదివి వినిపించిన తరువాతే పైకి పంపాలి. పేరు, ఊరు, ఫోటో వాడుకోవడానికి వేర్వేరుగా అనుమతి తీసుకోవాలి, ఆ అనుమతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకునే వీలుండాలి. వారు అడిగిన కోరికలను వారి మాటల్లోనే నివేదికకు జతచేయాలి. నివేదిక ఎక్కడ సమర్పించారో, దానికి ఏ జవాబు వచ్చిందో నిర్ణీత గడువులోగా వారికి తెలియజేయాలి. ఈ చివరిది అన్నింటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. కింది నుంచి పైకి సమాచారం పంపడం మన సంస్థలకు బాగా అలవాటైంది, పై నుంచి కిందికి జవాబు తేవడం అలవాటు కాలేదు. అనుమతి పత్రం లేని వాంగ్మూలాన్ని సచివాలయం తీసుకోకూడదని, జవాబు తిరిగి రాని కేసుల జాబితాను ప్రతి బోర్డు సమావేశంలో మొదటి అంశంగా చదవాలని మన ముసాయిదాలో చేర్చండి.

ఇక డబ్బు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010లో వచ్చింది, 2020లో దానికి కఠినమైన సవరణలు వచ్చాయి. విదేశీ విరాళం పొందిన సంస్థ ఆ డబ్బును మరో సంస్థకు బదలాయించడం పూర్తిగా నిషేధించారు. పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. విరాళం మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలన్నారు. దీని ఫలితం మీకు అనుభవమే. ఒకప్పుడు రాష్ట్ర స్థాయి సంస్థ నుంచి మండల స్థాయి చిన్న సంఘానికి అందిన సహాయం ఆగిపోయింది. కేసులు పట్టుకుని తిరిగే కార్యకర్తల జీతాలను పరిపాలనా ఖర్చు కింద లెక్కిస్తారేమోనన్న భయంతో సంస్థలు మనుషులను తగ్గించుకున్నాయి. ఈ చట్టాన్ని మార్చాలని మనం కొట్లాడవలసిందే, కానీ అది ఉన్నంతకాలం దానికి లోబడి తూచా తప్పకుండా లెక్కలు రాయవలసిందే. ఒక్క వోచరు తేడా వచ్చినా అది మన కార్యకర్తల మెడకు చుట్టుకుంటుంది.

దీని నుంచి నేను తీసిన నిర్ధారణ వేరే ఉంది. వేదికలో సభ్యత్వాన్నీ ఓటునూ డబ్బుతో ముడిపెట్టకూడదు. విదేశీ విరాళం తీసుకునే అనుమతి ఉన్న సంస్థలే సభ్యులైతే, ఒక సంతకంతో ఆ అనుమతి రద్దయిన రోజు ఒక ప్రాంతం గొంతు మొత్తం మూగబోతుంది. అనుమతి లేని సంఘం, రిజిస్ట్రేషన్ కూడా లేని వాడ కమిటీ, తమ ఊరి చందాలతో నడిచే యువజన సంఘం, వీటికి కూడా సభ్యత్వం ఉండాలి. నామమాత్రపు రుసుము తీసుకోండి, కానీ అందరి దగ్గరా తీసుకోండి. తమ రుసుముతో కూర్చున్న మనిషి మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. నిధులు ఇచ్చే సంస్థల ప్రతినిధులు సమావేశానికి రావచ్చు, వినవచ్చు, అభిప్రాయం చెప్పవచ్చు, ఓటు మాత్రం వేయకూడదు. నిధులు పొందే సంస్థకు చెందిన బోర్డు సభ్యులు ఆ నిధుల మీద నిర్ణయం జరిగేటప్పుడు గది బయట ఉండాలి, అలా ఉన్నారని తీర్మానాల పుస్తకంలో రాయాలి.

లెక్కల విషయంలో మనం ఎక్కడికో వెళ్లి నేర్చుకోనక్కరలేదు. మన ఊళ్లలో పొదుపు సంఘాల అక్కలు నెలనెలా చేసే పనిని చూడండి. అందరూ చుట్టూ కూర్చుంటారు, పోయిన నెల తీర్మానాన్ని చదువు వచ్చిన ఒకరు పైకి చదువుతారు, పైసలు అందరి ముందూ లెక్కపెడతారు, ఎవరికి అప్పు ఇచ్చారో, ఎవరు కట్టలేదో పేరుపేరునా చెబుతారు, సంతకం రానివాళ్లు వేలిముద్ర వేస్తారు. చదువు రాని సభ్యురాలికి కూడా సంఘం ఖాతాలో ఎంత ఉందో తెలుసు. అంతర్జాతీయ వేదికల్లో ఆడిట్ నివేదిక అందంగా అచ్చవుతుంది, కానీ దాని సారాంశం తెలుగులో, నేపాలీలో, బెంగాలీలో, ఉర్దూలో సభ్యులకు అందదు. ఏటా లెక్కలను సభ్యుల భాషల్లో ఇవ్వాలని, సర్వసభ్య సమావేశంలో చదివి ప్రశ్నలు అడగనివ్వాలని రాయండి. దుబాసీల ఖర్చును బడ్జెట్‌లో మొదటే చూపించాలి. మిగిలితే చూద్దామన్న ఖర్చు ఎప్పుడూ మిగలదు.

తరువాతది కుర్చీల సంగతి, అందులోనూ అన్నింటికంటే చిక్కు ముడి దేశాల మధ్య నిష్పత్తి. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో షెడ్యూల్డ్ కులాల వారే 20 కోట్లకు పైగా ఉన్నారు, ఆ లెక్కలోకి రాని దళిత క్రైస్తవులూ, దళిత ముస్లింలూ వేరు. జనాభాను బట్టి ఓట్లు ఇస్తే నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక ప్రతినిధులు ఎప్పటికీ ప్రేక్షకులుగానే ఉండిపోతారు. దేశానికి ఒకే ఓటు అంటే మన దేశంలోని వైవిధ్యానికి చోటు ఉండదు. నా సూచన ఏమిటంటే, బోర్డులో ఏ ఒక్క దేశానికీ మూడో వంతుకు మించి స్థానాలు ఉండకూడదు, నియమావళి సవరణ, కొత్త దేశానికి సభ్యత్వం వంటి పెద్ద నిర్ణయాలకు మొత్తం ఓట్లలో మెజారిటీతో పాటు దేశాల సంఖ్యలో కూడా మెజారిటీ రావాలి. మనకు కొన్ని కుర్చీలు తగ్గుతాయి. తగ్గనివ్వండి. ఢాకా నగరంలో ధోల్‌పూర్ ప్రాంతాన తెలుగు మాట్లాడే పారిశుద్ధ్య కార్మికుల కాలనీ ఉంది. బ్రిటిష్ కాలంలో మన తెలుగు నేల నుంచి వెళ్లిన వారి సంతతి వారు, 2023లో వారి ఇళ్లు ఖాళీ చేయించే ప్రయత్నం కూడా జరిగింది. మన భాష మాట్లాడే ఆ కుటుంబాల తరఫున బోర్డులో మాట్లాడవలసింది బంగ్లాదేశ్ ప్రతినిధే. ఆ ప్రతినిధి గొంతు మన సంఖ్యాబలం కింద నలిగిపోతే మనం చేసేది ఏ రకమైన సంఘీభావం?

మన దేశపు కుర్చీల్లో ఎవరు కూర్చోవాలన్నది ఇంకా సూటిగా అడగవలసిన ప్రశ్న. తెలంగాణలో 59 షెడ్యూల్డ్ కులాలు ఉన్నాయి. షెడ్యూల్డ్ కులాలను వర్గీకరించే అధికారం రాష్ట్రాలకు ఉందన్న సుప్రీంకోర్టు 2024 ఆగస్టు తీర్పు తరువాత, 2025 ఏప్రిల్ 14 నుంచి వాటిని మూడు గ్రూపులుగా వర్గీకరించే చట్టం మన రాష్ట్రంలో అమలులోకి వచ్చింది. ఆ చర్చలో మీలో ఎవరు ఏ పక్షాన ఉన్నా, అది మన ముందు పెట్టిన నిజం ఒకటి ఉంది. దళితుల పేరుతో వచ్చిన అవకాశాలు దళితులందరికీ సమానంగా అందలేదు. డక్కలి, మాస్టి, బుడగ జంగం వంటి కులాల నుంచి అంతర్జాతీయ సభకు వెళ్లిన మనిషిని చూపించమంటే మనం చూపించగలమా? నారాయణపేట, మక్తల్ వైపు చిన్నప్పుడే దేవతకు అంకితమిచ్చే దురాచారానికి బలై జోగినులుగా బతుకు మోసిన అక్కల గురించి ఎన్నో వేదికల మీద ఎందరో మాట్లాడారు, 1988లో ఆ ఆచారాన్ని నిషేధించే చట్టం కూడా వచ్చింది, కానీ వారి నుంచి ఒకరు వారి గురించి నిర్ణయాలు చేసే కమిటీలో కూర్చోవడం అరుదు. దళిత ఉద్యమంలో మగవారి పెత్తనాన్నీ, మహిళా ఉద్యమంలో కులం పట్టింపు లేకపోవడాన్నీ ప్రశ్నిస్తూ 1995లో దళిత మహిళల జాతీయ సమాఖ్య ఏర్పడింది. ఆ ప్రశ్నలకు ఇంకా పూర్తి జవాబు రాలేదు. బోర్డులో సగం స్థానాలు మహిళలవి కావాలి, అధ్యక్ష స్థానం మూడేళ్లకు మించి ఒకరి దగ్గర ఉండకూడదు, బోర్డు సభ్యులుగా రెండు పదవీకాలాలు పూర్తయినవారు మళ్లీ వరుసలో నిలబడాలంటే కనీసం ఒక పదవీకాలం ఖాళీగా ఉండాలి. ఈ నియమం నాలాంటి పాతవాళ్లకు నచ్చదు. అయినా ఇది అవసరం.

విదేశాల్లో స్థిరపడిన మన పిల్లల గురించి ఒక మాట. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటెల్ నగర మండలి కుల వివక్షను నిషేధించింది, ఆ దేశంలో అటువంటి చట్టం చేసిన మొదటి నగరం అదే. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును అక్కడి గవర్నర్ అక్టోబరులో తిప్పి పంపారు. బ్రిటన్‌లో సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చాలని 2013లో పార్లమెంటు ఆదేశించినా, 2018లో ప్రభుత్వం ఆ పని చేయబోమని ప్రకటించింది. ఈ పోరాటాల్లో ముందున్నవారిలో దక్షిణ భారతం నుంచి వెళ్లిన దళిత యువతీయువకులు ఉన్నారు, వారి అనుభవం నిజమైనది, వారికి వేదికలో గట్టి చోటు ఉండాలి. అయితే వారి చోటు వారి దేశపు చోటుగా ఉండాలి. ఇంగ్లీషు బాగా వచ్చినందువల్ల, విమాన ఖర్చు తక్కువైనందువల్ల, చందంపేట మండలం తండాకో కొల్లాపూర్ వాడకో ప్రతినిధిగా వారిని కూర్చోబెట్టే అలవాటు కొన్ని చోట్ల ఉంది. దానికి వారు బాధ్యులు కారు, కానీ ఆ అలవాటు పోవాలి.

రికార్డుల ప్రాధాన్యం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో మన సంస్థల నిర్లక్ష్యం నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది. అంతర్జాతీయ దళిత సంఘీభావ నెట్‌వర్క్ ఐక్యరాజ్యసమితిలో సంప్రదింపుల హోదా కోసం 2008లో దరఖాస్తు చేసింది. ఆ హోదా ఉంటేనే ఒక సంస్థ తన పేరుతో మండలి సభల్లో మాట్లాడగలదు. దరఖాస్తులు చూసే కమిటీలో 19 దేశాలు ఉంటాయి, ఏ సభ్య దేశం ప్రశ్న వేసినా ఆ దరఖాస్తు తదుపరి సమావేశానికి వాయిదా పడుతుంది. భారత ప్రతినిధులు సమావేశం తరువాత సమావేశంలో ప్రశ్నలు వేస్తూ పోయారు, వాటి సంఖ్య వంద దాటింది. నిధులు ఎక్కడివి, సభ్యులు ఎవరు, ఫలానా సమావేశం ఎవరు పెట్టారు, ఫలానా పదం ఎందుకు వాడారు, ఇలా సాగింది. ప్రతి ప్రశ్నకూ లిఖితపూర్వకంగా జవాబు పంపారు. చివరికి 2022 డిసెంబరులో ఆర్థిక, సామాజిక మండలి ఓటింగు జరిపి ఆ హోదా ఇచ్చింది. ఈ 14 ఏళ్లలో ఒక్క ఏడాది ఆడిట్ లేకపోయినా, ఒక్క తీర్మానం నకలు దొరక్కపోయినా, కార్యదర్శి మారినప్పుడు ఫైళ్లు ఇంటికి తీసుకుపోయినా, ఎదుటివారికి అదే ఆయుధమయ్యేది. మన సంఘాల్లో ఎన్నింటి దగ్గర పదేళ్ల కిందటి తీర్మానాల పుస్తకం ఉందో ఈ సాయంత్రం ఒకరినొకరు అడిగి చూడండి.

లోపలి ఫిర్యాదుల విషయం క్లుప్తంగా చెబుతాను, క్లుప్తంగా చెప్పినంత మాత్రాన చిన్నదని అనుకోవద్దు. వేదికలో పనిచేసే ఉద్యోగి మీదనో, నాయకుడి మీదనో లైంగిక వేధింపుల ఫిర్యాదు వస్తే, లేదా మనలోనే ఒక కులం వారిని మరొక కులం వారు కించపరిచారన్న ఫిర్యాదు వస్తే, దానిని విచారించే కమిటీలో సగం మంది బోర్డుకు బయటివారై ఉండాలి. ఉద్యమం పరువు పోతుందని ఫిర్యాదును దాచిపెట్టమని ఎవరైనా సలహా ఇస్తే, ఆ సలహా ఇచ్చినట్టు కూడా రికార్డులో రాయాలి.

రేపటి చర్చకు ముసాయిదా ప్రతులు మీ సంచుల్లో ఉన్నాయి. మూడో ప్రకరణంలో సభ్యత్వానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని రాసి ఉంది, దానిని తొలగించమని నేను ప్రతిపాదిస్తాను. ఐదో ప్రకరణంలో బోర్డు కూర్పు ఉంది, అందులో బాధిత దేశాల ప్రతినిధులకు సగం స్థానాలు అని ఉంది. సగం చాలదు, మూడింట రెండు వంతులు కావాలి, అధ్యక్షురాలు లేదా అధ్యక్షుడు తప్పనిసరిగా వారిలో నుంచే రావాలి. వాంగ్మూలాల గురించి ముసాయిదాలో ఒక్క ముక్క కూడా లేదు, దానికి ప్రత్యేక ప్రకరణం రాయాలి, రాసే బృందంలో ఊళ్లలో కేసులు నడుపుతున్న అక్కలు ఇద్దరైనా ఉండాలి. మీ అభ్యంతరాలు, నా ప్రతిపాదనల మీద అభ్యంతరాలతో సహా, ఈ రాత్రికే రాసి ఉంచండి. పొద్దున తొమ్మిది గంటలకు మండలాల వారీగా కూర్చుని ఒక్కొక్క ప్రకరణం పైకి చదువుకుందాం, ఆ తరువాతే ఓటింగు పెడదాం.